జకార్తాలో ఆ పన్నెండు రోజులు

పేరంటానికి వాడంతా పిలుస్తూ, సరిగ్గా రెండిళ్ళ ముందుకు వచ్చేసరికి తల తిప్పుకుని వెళ్ళిపోయే ఇల్లాలిని మీరు చూసే వుంటారు. ఎవరైనా అడిగితే, "అయ్యో, పిలవకేం! కబురు పంపానే, ఇంకా అందలేదా?" అంటుంది. అందలేదని ఆవిడకూ తెలుసు, అడిగినవాళ్ళకూ తెలుసు. పేరంటం మాత్రం ఆగదు. శనగలూ తాంబూలాలూ పంచుతారు. కాని ఆ రెండిళ్ళ సంగతి వాడలో ఏళ్ళ తరబడి నలుగుతూనే వుంటుంది.

1962 ఆగస్టు 24 నుంచి సెప్టెంబరు 4 వరకు ఇండొనేషియా రాజధాని జకార్తాలో జరిగిన నాలుగో ఆసియా క్రీడలు అచ్చంగా అటువంటి పేరంటం. పిలుపు అందని ఇళ్ళు రెండు: ఇజ్రాయెల్, తైవాన్. "ఇదేం పద్ధతి?" అని నిలదీసినవాడు మన దేశస్థుడు. అడిగిన పాపానికి మన రాయబార కార్యాలయం మీద జనం విరుచుకుపడ్డారు. ఆ కేకల మధ్యనే ఆడి, బంగారు పతకం పట్టుకొచ్చింది మన ఫుట్‌బాల్ జట్టు. ఆ జట్టుకు గురువు హైదరాబాదు బడిపంతులు.

పతకం సంగతి కొందరికైనా గుర్తుంది. నాకు మాత్రం ఈ కథలో పతకం కన్న పెద్ద ప్రశ్న ఒకటి కనిపిస్తుంది. స్నేహితుడు తప్పు చేస్తే మొహం మీద చెప్పాలా, స్నేహం కోసం ఊరుకోవాలా? జకార్తాలో ఆ పన్నెండు రోజులూ ఈ ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

ఢిల్లీలో పుట్టిన బిడ్డ

అసలు ఆసియా క్రీడలకు పురుడు పోసినవాడు గురుదత్ సోంధీ. లాహోరు ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన పంజాబీ. 1932 నుంచి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలో సభ్యుడు. 1947 మార్చిలో ఢిల్లీలో ఆసియా దేశాల సమావేశం జరిగినప్పుడే ఆయన బుర్రలో ఈ ఆలోచన మెదిలింది. తెల్లవాళ్ళ ఏలుబడి నుంచి ఒక్కొక్కటిగా బయటపడుతున్న దేశాలన్నీ నాలుగేళ్ళకొకసారి ఒకచోట చేరి ఆడుకుంటే ఎంత బాగుంటుంది! మరుసటేడు లండన్ ఒలింపిక్స్‌కు వచ్చిన ఆసియా జట్ల పెద్దలను కూడగట్టి నచ్చచెప్పాడు. 1949 ఫిబ్రవరిలో ఢిల్లీలో ఆసియా క్రీడా సమాఖ్య ఏర్పడింది. 1951 మార్చి 4న, ఢిల్లీ నేషనల్ స్టేడియంలో, పదకొండు దేశాలతో మొదటి ఆసియా క్రీడలు మొదలయ్యాయి.

ఇక్కడ ఒక సంగతి పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. రెండో ప్రపంచయుద్ధంలో ఓడిన జపాన్‌ను 1948లో లండన్ ఒలింపిక్స్‌కు రానివ్వలేదు. ఆ జపాన్‌ను ఢిల్లీ పిలిచింది. జపాన్ వచ్చింది, ఆడింది, పతకాల పట్టికలో మొదటి స్థానమూ కొట్టుకుపోయింది. మనం రెండో స్థానంలో నిలిచి చప్పట్లు కొట్టాం. ఆటకు వచ్చినవాడి చరిత్ర అడగకూడదు, ఆట మాత్రమే చూడాలి. సోంధీ పెట్టిన ఆచారం అది. 1954లో మనీలా, 1958లో టోక్యో అదే దారిన నడిచాయి. ఆ రెండుచోట్లకూ ఇజ్రాయెల్ వచ్చింది, తైవానూ వచ్చింది.

సుకర్ణో ముస్తాబు

టోక్యోలో వుండగానే తరవాతి పండగ జకార్తాకు ఖాయమైంది. ఇక ఆ దేశాధ్యక్షుడు సుకర్ణోకు కాలు నిలవలేదు. ఆయనది పెద్ద మనసు, పెద్ద గొంతు, అంతకన్న పెద్ద కలలు. మూడు వందల యేళ్ళకు పైగా డచ్చివాళ్ళ కింద నలిగిన దేశం. ప్రపంచం తమ వంక తలెత్తి చూడాలంటే ఇదే అదననుకున్నాడు.

సెనయాన్ అనే చోట సోవియట్ రష్యా ఇచ్చిన కోటీ ఇరవై అయిదు లక్షల డాలర్ల అప్పుతో బ్రహ్మాండమైన స్టేడియం లేచింది. లక్షా పదివేల మంది కూచోవచ్చు. కూచున్నవాళ్ళ తలల మీదుగా చుట్టూ వుంగరంలా కప్పు వేశారు. జపాన్ చెల్లించిన యుద్ధ పరిహారం సొమ్ముతో హోటల్ ఇండొనేషియా కట్టారు. దాని ముందు కూడలిలో ఎత్తయిన స్తంభం మీద, చేత పూలగుత్తితో, చెయ్యి పైకెత్తి రమ్మని పిలుస్తున్న యువతీ యువకుల విగ్రహాలు నిలబెట్టారు. ఆ విగ్రహానికి పేరే "స్వాగతం". ఆగస్టు 24న క్రీడలతోపాటే ఆ దేశపు టెలివిజన్ కూడా పుట్టింది.

దీనికి తోడు, క్రీడలు మొదలవడానికి తొమ్మిది రోజుల ముందే, ఆగస్టు 15న, పశ్చిమ ఇరియన్‌ను వదులుకోవడానికి డచ్చివాళ్ళు న్యూయార్కులో ఒప్పుకుని సంతకం చేశారు. ఇంకేం, జకార్తా అంతా పెళ్ళివారిల్లులా వుంది. పదిహేడు దేశాల నుంచి 1,400 మందికి పైగా ఆటగాళ్ళు దిగారు.

అందని కార్డులు

దిగనివాళ్ళు మాత్రం ఇజ్రాయెల్‌వారూ తైవాన్‌వారూ. ఆ రోజుల్లో క్రీడలకు వచ్చేవారికి ఆతిథ్య దేశం గుర్తింపు కార్డులు పంపాలి. ఆ కార్డు వుంటేనే ప్రవేశం. ఈ రెండు దేశాలకూ అవి అందలేదు. "రావద్దు" అని ఎవరూ పైకి అనలేదు. కార్డులే చేరలేదు!

కారణం లోకమెరిగినదే. ఇండొనేషియాకు కమ్యూనిస్టు చైనాతో చెలిమి. ఆ చైనాకు తైవాన్ పేరెత్తితే గిట్టదు. అరబ్బు దేశాలతో పొత్తు. వాటికి ఇజ్రాయెల్ మొహం చూస్తే గిట్టదు. సుకర్ణోకు ఈ రెండు స్నేహాలూ కావాలి, క్రీడల వైభవమూ కావాలి. అవ్వా కావాలి, బువ్వా కావాలి.

ఇప్పుడు పందెం సంఘాలకు కోపం వచ్చింది. సభ్యదేశాన్ని కావాలని వదిలేసిన పోటీని మేము గుర్తించమన్నది అంతర్జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ సమాఖ్య. దానితో బరువులెత్తే పోటీ మొత్తం రద్దయింది. ఏళ్ళ తరబడి కండలు పెంచుకుని వచ్చినవాళ్ళు ఊరికే చేతులు ముడుచుకుని కూచోవలసి వచ్చింది. పరుగుపందేలవాళ్ళకూ అంతర్జాతీయ అథ్లెటిక్ సమాఖ్య నుంచి హెచ్చరిక వచ్చింది. జకార్తాలో పరుగెత్తితే రేపు ఒలింపిక్స్‌లో పరుగెత్తనిస్తారో లేదో తెలియని పరిస్థితి.

సోంధీ నోరు విప్పింది అప్పుడు. రెండు సభ్యదేశాలను బయటపెట్టి జరుపుతున్నప్పుడు వీటిని ఆసియా క్రీడలు అనడం చెల్లదు, కావలిస్తే జకార్తా క్రీడలు అనుకోండి అన్నాడు. చూశారా విచిత్రం! బిడ్డను కని పెంచినవాడే "వీడు నా బిడ్డ కాడు" అనవలసి వచ్చింది.

అడిగిన పాపం

మనకూ ఇండొనేషియాకూ వున్న బంధం తెలిస్తేగాని ఆ మాట వాళ్ళకెంత గుచ్చుకుందో అర్థం కాదు. 1947లో డచ్చి సైన్యం మీదపడినప్పుడు వాళ్ళ మాజీ ప్రధాని షరీర్‌ను రహస్యంగా డకోటా విమానంలో బయటికి తెచ్చినవాడు మన బిజూ పట్నాయక్. 1950 జనవరి 26న, మన మొదటి రిపబ్లిక్ దినోత్సవానికి ముఖ్య అతిథి సుకర్ణోయే. 1955లో బాండుంగ్ సభలో నెహ్రూ, సుకర్ణో పక్కపక్కన కూచుని ఆసియా, ఆఫ్రికాల భవిష్యత్తు మాట్లాడారు. అటువంటి ఇంటి నుంచి వచ్చినవాడు నిండు పందిట్లో ఎత్తిచూపాడే అని వాళ్ళ ఉక్రోషం. పరాయివాడు అంటే దులిపేసుకుంటాం, అయినవాడు అంటేనే ఒళ్ళు మండుతుంది.

సెప్టెంబరు 3న వేలమంది గుంపు భారత రాయబార కార్యాలయం మీద పడి ధ్వంసం చేసింది. సోంధీ బస చేసిన హోటలు దగ్గరా అల్లరి జరిగింది. డెబ్భై దాటిన పెద్దమనిషి ఆ రోజే విమానమెక్కి జకార్తా విడిచిపెట్టవలసి వచ్చింది. తన చేత్తో వెలిగించిన దీపం నుంచి తనే పారిపోవలసి రావడం కన్న పెద్ద శిక్ష ఏముంటుంది?

ఐతే సోంధీ వెళ్ళిపోగలిగాడు. ఆటగాళ్ళు ఎక్కడికి పోతారు? మర్నాడే ఫుట్‌బాల్ ఆఖరి ఆట.

పట్టికలో మనవాళ్ళు

ఫుట్‌బాల్ దగ్గరికి పోయేముందు మిగతా మైదానాలు ఒకసారి చుట్టి వద్దాం. 400 మీటర్లలో మిల్ఖా సింగ్ మొదట వచ్చాడు. వెనకనే మఖన్ సింగ్. నలుగురు కలిసి పరుగెత్తే రిలే పందెమూ మనదే. 1500 మీటర్లలో మొహీందర్ సింగ్, 10,000 మీటర్లలో తర్లోక్ సింగ్, పది అంశాల డెకాథ్లాన్‌లో గుర్‌బచన్ సింగ్ బంగారు పతకాలు తెచ్చారు. కుస్తీలో మారుతి మానే, గణపత్ ఆందల్కర్, మాల్వా, బాక్సింగ్‌లో పదం బహదూర్ మల్ల్ గెలిచారు. హాకీలో మాత్రం పాకిస్తాను మనను 2-0తో ఓడించింది.

ఇండొనేషియావాళ్ళకూ సంబరమే. వాళ్ళ మహమ్మద్ సరెంగట్ 100 మీటర్ల పరుగూ, 110 మీటర్ల హర్డిల్సూ రెండూ గెలిచాడు. బాడ్మింటన్‌ను ఆసియా క్రీడల్లో మొదటిసారి ప్రవేశపెట్టింది అప్పుడే. అందులో తాన్ జో హాక్, మినార్ని సింగిల్స్ పతకాలు కొట్టారు. మొత్తం మీద జపాన్ అందనంత ఎత్తున మొదటి స్థానం, ఇండొనేషియా రెండు, మనం మూడు.

రహీం సాబ్

ఇక అసలు కథ. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో పుట్టాడు. ఉస్మానియాలో చదివి బడిలో పంతులుగా చేరాడు. ఆయన నేర్పిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు ఎవరికీ వదలలేదు. ఎడంకాలు చేతకానివాళ్ళకోసం ఎడంకాలితోనే ఆడే పోటీలు పెట్టిన మనిషి. బంతిని పట్టుకు వేళ్ళాడకుండా వెంటనే పక్కవాడికి అందించమనేవాడు. 1951లో ఢిల్లీలో మన జట్టుకు బంగారు పతకం తెచ్చిందీ, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా నడిపించిందీ ఆయనే. ఆటగాళ్ళందరికీ ఆయన "రహీం సాబ్".

జకార్తా జట్టులో ఆయన ఊరి కుర్రాళ్ళు తక్కువేం లేరు. సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, హైదరాబాదు యూసుఫ్ ఖాన్, హైదరాబాదులోనే పుట్టిన ఆరడుగుల పొడుగు గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్. వారికి తోడు బెంగాలు నుంచి కెప్టెన్ చునీ గోస్వామి, పి. కె. బెనర్జీ, అరుణ్ ఘోష్, పంజాబు కొండ జర్నైల్ సింగ్.

మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో మన పొగరు దించింది. తరవాత థాయిలాండును 4-1తో గెలిచాం గాని, జర్నైల్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. జపాన్‌ను 2-0తో కొట్టాం. అందులో ఒక గోలు బలరాంది. ఈలోగా తంగరాజ్‌కు జ్వరం. అతని చోట ప్రద్యుత్ బర్మన్ నిలబడ్డాడు.

తలకు కట్టుతో వున్న జర్నైల్‌ను ఏం చెయ్యాలి? వెనకవరసలో వుంటే వచ్చే ప్రతి బంతినీ తలతో ఎదుర్కోవాలి. పక్కన కూచోబెడితే జట్టు చచ్చుబడుతుంది. రహీం బాగా ఆలోచించి అతన్ని వెనక నుంచి తీసి ముందువరసలో, సెంటర్ ఫార్వర్డుగా దింపాడు! కాపలావాణ్ణి తీసుకెళ్ళి దండయాత్రకు పంపినట్టు. దక్షిణ వియత్నాంతో సెమీఫైనల్లో ఆ కాపలావాడు గోలు కొట్టాడు. 3-2తో మనం ఫైనలు చేరాం.

మళ్ళీ ఎదుట అదే కొరియా.

లక్ష గొంతుల మధ్య

రాయబార కార్యాలయం మీద దాడి జరిగిన ఆ రాత్రి ఎవరికీ కంటిమీద కునుకు లేదని ఆటగాళ్ళు తరవాత చెప్పుకున్నారు. రేపు నాకొక కానుక కావాలి, బంగారు పతకం తప్ప మరేదీ వద్దు అని రహీం సాబ్ అడిగాడట. ఉపన్యాసాలేమీ లేవు. అంతే.

సెప్టెంబరు 4న స్టేడియంలో దాదాపు లక్షమంది. కొరియా బంతి తాకితే చప్పట్లు, మనవాళ్ళు తాకితే ఈలలు, కేకలు. ఆ లక్షమందిలో మన పక్షాన గొంతెత్తిన ఒక చిన్న గుంపు వుంది. ఎవరనుకున్నారు? మనను హాకీలో ఓడించిన పాకిస్తాను జట్టు! ఈ సంగతి మన ఆటగాళ్ళే ఎన్నోసార్లు కృతజ్ఞతతో చెప్పారు. ప్రభుత్వాలు మొహాలు చూసుకోని రోజుల్లో ఆటగాళ్ళు ఒకరికొకరు తోడునిలిచారు. నాకు ఈ కథ మొత్తంలో ఎంతో ఇష్టమైన ఘట్టమిది.

జ్వరం నుంచి లేచి తంగరాజ్ గోలు ముందుకు వచ్చాడు. కాలి దెబ్బతోనే త్రిలోక్ సింగ్ ఆడాడు. జర్నైల్ తలకు కట్టు. పదిహేడో నిమిషంలో పి. కె. బెనర్జీ గోలు కొట్టాడు. మూడు నిమిషాలు తిరక్కుండా జర్నైల్ రెండోది కొట్టాడు. అంతే, లక్ష గొంతులకూ తాళం పడింది. ఆఖరి అయిదు నిమిషాలలో కొరియా ఒక గోలు తీర్చింది గాని, ఆ పైన ఒక్క అంగుళం కదలలేకపోయింది. 2-1. రహీం సాబ్ అడిగిన కానుక ఆయన చేతిలో పడింది.

లెక్కలు తేలిన తరవాత

ఆ గెలుపును ఇంటికి తెచ్చుకుని తనివితీరా పొంగిపోయే తీరిక మనకు లేకపోయింది. అక్టోబరు 20న చైనా మన సరిహద్దులు దాటింది. యుద్ధం, ఓటమి, ఏడుపు. పతకం మూలపడింది. రహీం కాన్సరుతో మంచం పట్టి, 1963 జూన్ 11న కన్నుమూశాడు. ఆ తరవాత 1970లో బాంకాకులో కంచు పతకం తప్ప, ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మరొక పతకం లేదు. 2024లో ఆయన కథను హిందీలో "మైదాన్" పేరుతో సినిమా తీస్తేగాని, కొత్త తరానికి ఆయన పేరు తెలియలేదు. బలరాం 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో పోయాడు.

జకార్తాకూ మంచి జరగలేదు. 1963 ఫిబ్రవరిలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఇండొనేషియాను సస్పెండ్ చేసింది. సుకర్ణో మండిపడి, కొత్తగా ఎదిగే దేశాల క్రీడలంటూ "గనెఫో" పేరుతో ఆ నవంబరులో వేరే పండగ చేశాడు. అందులో ఆడినవాళ్ళను 1964 టోక్యో ఒలింపిక్స్‌కు రానివ్వమన్నారు. ఇండొనేషియా జట్టు టోక్యో దాకా వెళ్ళి, ఆడకుండా తిరిగివచ్చింది. కార్డులు పంపని ఇంటివాళ్ళకు చివరికి గుమ్మంలోనే తలుపు మూసుకుంది. పెద్దల పంతాలకు బలయినవాళ్ళు, ఇక్కడా అక్కడా కూడా, పరుగెత్తే పిల్లలే.

సోంధీ తప్పు చేశాడా? ఆయన మాటవల్ల మనవాళ్ళు ప్రమాదంలో పడ్డారని ఆ రోజుల్లో విసుక్కున్నవాళ్ళు వున్నారు. ఆ విసుగులో న్యాయం లేకపోలేదు. ఐతే నన్నడిగితే, ఆయన అనకపోతే మరెవరు అంటారు? ఢిల్లీలో జపాన్‌కు తలుపు తెరిచిన చెయ్యి, జకార్తాలో రెండు తలుపులు మూసుకుపోతుంటే ఊరుకోగలదా? స్నేహితుడి తప్పు కప్పిపెడితే అది ఆ రోజుకు మర్యాద, తరవాత అలవాటు. 1966లో సోంధీ చనిపోయాడు. ఆయన భయపడిందే జరిగింది. 1974లో టెహరానులో ఆడిన తరవాత ఇజ్రాయెల్ మళ్ళీ ఆసియా క్రీడల గుమ్మం తొక్కలేదు. తైవాన్ మాత్రం, చాలా ఏళ్ళు ఎండలో నిలబడి, "చైనీస్ తైపే" అనే పేరుతో లోపలికి వచ్చింది.

2018లో ఆసియా క్రీడలు మళ్ళీ జకార్తాకు వచ్చాయి. అదే సెనయాన్. మన ఫుట్‌బాల్ జట్టును ఆ ఏడు మనవాళ్ళే పంపలేదు. గెలిచే ఆశ లేదని! రహీం సాబ్ వినకపోవడమే మంచిదయింది. 1962 క్రీడల కోసం అక్కడ కట్టిన ఇస్తోరా అనే క్రీడాశాలలో బాడ్మింటన్ ఆడారు. ఆగస్టు 28న మహిళల ఫైనల్లో మన హైదరాబాదు అమ్మాయి పి. వి. సింధు నిలబడింది. ఆసియా క్రీడల బాడ్మింటన్‌లో ఫైనలు చేరిన మొట్టమొదటి భారతీయురాలు. ఆమె ఓడిపోయి వెండి పతకం తీసుకుంది. గెలిచిన అమ్మాయి పేరు తాయ్ జు యింగ్. ఆమెది తైవాన్.

ఆ వేళ ఆమెకు గుర్తింపు కార్డు అందింది. సింధు ఓడినందుకు నేనూ అందరిలాగే ఉసూరుమన్నాను. కాని సోంధీ ఆ ఆట చూసి వుంటే, మన అమ్మాయి ఓడినా, తృప్తిగా చప్పట్లు కొట్టేవాడనే నా నమ్మకం.